మైకమ్మ కూతురు

ఆ బస్టాండులో ఆమెను అందరూ మైకమ్మ అనే పిలిచేవాళ్ళు. డ్రైవర్లు, కండక్టర్లు, సామాన్లు మోసేవాళ్ళు, చివరికి డిపో మేనేజరు కూడా. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో, ఏది ఆలస్యమో, ఏది రద్దయిందో ఆమె గొంతే చెప్పాలి. ఆ గొంతులో తొందర ఉండదు, చిరాకు ఉండదు. బస్సు తప్పిపోయి గుండెలు బాదుకునేవాళ్ళకు కూడా అది వింటే కాస్త నిమ్మళించేది. మైకు ఆపేశాక మాత్రం నిమ్మళమంటే ఏమిటో ఆమెకే తెలియదు. కాలు కాలిన పిల్లిలా ఆ చిన్న గాజుగదిలో తిరిగేది. ఫోను తీసి చూసేది, పెట్టేసేది, మళ్ళీ తీసేది. స్కూలు నుంచి ఏ క్షణాన ఏ కబురు వస్తుందోనని.

ఆమె కూతురికి ఎనిమిదేళ్ళు. ఇంట్లో పిలిచే పేరు బొంగరం. నడక వచ్చిన నాటి నుంచి గిర్రున తిరగడమంటే దానికి ప్రాణం. వంటింట్లో, వరండాలో, మెట్ల మలుపు దగ్గర, ఎక్కడ కాస్త జాగా దొరికితే అక్కడ చేతులు బార్లా చాపి తిరిగేది. ఆగాక అది తూలేది కాదు, చూసేవాళ్ళకే కళ్ళు తిరిగేవి. మాటలు ఆలస్యంగా వచ్చాయి. వచ్చినప్పుడు తల్లి మైకులో చెప్పే మాటలే వచ్చాయి. అందరి పిల్లల్లా అత్త అనో తాత అనో అనకుండా "ప్రయాణికులకు విజ్ఞప్తి" అంది. ఆ విరుపు, ఆ సాగదీత, చివర్లో గొంతు కాస్త దించడం, అన్నీ అచ్చుగుద్దినట్టు తల్లివే. మొదట్లో ఇల్లంతా నవ్వుకుంది. ఏడాది గడిచినా అవే మాటలు అంటుంటే నవ్వు ఆగిపోయింది.

డాక్టరు ఆటిజం అన్నాడు. ఇది జబ్బు కాదని, ఈ పిల్ల మెదడు నడిచే తీరే వేరని కూడా చెప్పాడు. కానీ మొదటి మాట చెవిన పడ్డాక రెండోది మైకమ్మకు ఎక్కలేదు. దీన్ని బాగుచెయ్యాలి, ఎలాగైనా బాగుచెయ్యాలి. అప్పటి నుంచి ఆమెకు అదే ధ్యాస.

స్కూలువాళ్ళు ఓ శిక్షణ మాస్టారి దగ్గరికి పంపించారు. ఆయన గదిలో ఒక బల్ల, ఎదురెదురుగా రెండు కుర్చీలు, ఒక బిస్కెట్ల డబ్బా. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే బిస్కెట్ ముక్క. కళ్ళల్లోకి చూస్తే ముక్క. పెద్దవాళ్ళు చెయ్యి పట్టుకుంటే గుంజుకోకుండా వెంట నడిస్తే ముక్క. తిరిగితే లేదు. బస్సుల మాటలు మాట్లాడితే అసలే లేదు. మాస్టారు కొట్టలేదు, తిట్టలేదు. ఓపిగ్గా, చిరునవ్వుతోనే నేర్పించాడు.

కొంతకాలానికి బొంగరం ఆగిపోయింది. కూర్చోమన్నచోట కూర్చునేది, లెమ్మంటే లేచేది. ఇరుగుపొరుగు మెచ్చుకున్నారు. "మొక్కై వంగనిది మానై వంగునా అని ఊరికే అన్నారా పెద్దలు!" అని నానమ్మ మురిసిపోయింది. లిఫ్టులు బాగుచేసే తండ్రి మాత్రం ఏమీ అనలేదు. ఆయన మామూలుగానే మితభాషి. ఒక్కసారి మాత్రం అన్నం తింటూ, "ఇల్లు మరీ చప్పుడు లేకుండా అయిపోయిందేమిటో" అన్నాడు.

ఇంకో సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు. స్కూలు నుంచి రాగానే పిల్ల మంచం కిందికి దూరి తన మణికట్టు తనే కొరుక్కునేది. పళ్ళ గాట్లు పడేవి. మైకమ్మ పొడుగు చేతుల గౌన్లు కొనుక్కొచ్చింది.

*

ఒకరోజు స్కూల్లో నీళ్ళ పైపు పగిలి సెలవిచ్చారు. తండ్రి నానమ్మను కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. చేసేది లేక మైకమ్మ పిల్లను వెంటబెట్టుకుని డ్యూటీకి వెళ్ళింది. గాజుగదిలో ఓ మూల స్టూలు వేసి, "ఇక్కడే కూర్చో తల్లీ, కదలకు" అంది. పిల్ల కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. పొద్దున్నుంచి అలాగే ఉంది. కండక్టర్లు వచ్చి చూసి, "బొమ్మలా ఉందమ్మా మీ పాప" అన్నారు.

మధ్యాహ్నం మేనేజరు పిలిస్తే మైకమ్మ పక్క గదికి వెళ్ళింది. సాయంత్రం బస్సుల వేళలు మారాయట, అది చెప్పడానికి పిలిచాడు. రెండు మాటలు విని వచ్చేసింది. వచ్చేసరికి స్టూలు ఖాళీగా ఉంది. తలుపు బార్లా తెరిచి ఉంది.

బయటికి పరుగెత్తింది. పెళ్ళిళ్ళ రోజులు కాబట్టి జనం కిటకిటలాడుతున్నారు. టిఫిన్ బండి దగ్గర లేదు. నీళ్ళ కుళాయి దగ్గర లేదు. ఆడవాళ్ళ వెయిటింగ్ రూములో లేదు. "పసుపు గౌను పాప, పసుపు గౌను పాప" అని కనబడ్డవాళ్ళందరినీ అడిగింది. కొందరు తల అడ్డంగా ఊపారు, కొందరు ఆ మాట కూడా వినిపించుకోలేదు. ఏం చెయ్యాలో తోచక మళ్ళీ గదికి పరుగెత్తుకొచ్చి మైకు నొక్కింది.

తప్పిపోయిన పిల్లల గురించి చెప్పడం ఆమెకు కొత్తేం కాదు. వారానికొకసారయినా చెప్పేదే. మాటలు వాటంతటవే వచ్చాయి.

"ప్రయాణికులకు ముఖ్య విజ్ఞప్తి. ఎనిమిదేళ్ళ పాప తప్పిపోయింది. పసుపు రంగు గౌను వేసుకుంది. పాప తన పేరు..."

ఎప్పుడూ అయితే, 'పాప తన పేరు చెప్పగలదు' అంటుంది. ఈ పాప చెప్పదు. పిలిస్తే పలకదు. ఎవరైనా చెయ్యి పట్టుకుంటే మాత్రం గుంజుకోకుండా వెంట వెళ్ళిపోతుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. బస్టాండు నిండా మనుషులు. వాళ్ళల్లో ఎవరెలాంటివాళ్ళో. ఆ మాట మైకులో చెప్పకూడదు, ఎవరి చెవినా పడకూడదు.

అప్పుడు మైకమ్మ ఆ ఉద్యోగంలో ఎన్నడూ చెయ్యని పని చేసింది. "గేటు ముయ్యండి!" అని అరిచింది. "ఒక్క బస్సూ కదలొద్దు! నా కూతురు కనబడట్లేదు! గేటు ముయ్యండన్నా, మీ కాళ్ళు పట్టుకుంటా!"

బస్టాండు స్తంభించిపోయింది. ఆ గొంతు అలా పగలడం అక్కడెవరూ వినలేదు. మేనేజరు పరుగున వచ్చి ఏదో అనబోయి ఆమె మొహం చూసి వెనక్కి తిరిగాడు. తనే స్వయంగా గేటు దగ్గరికి పరుగెత్తాడు.

గేటు దాటబోతున్న ఒక విహారయాత్ర బస్సులో దొరికింది పిల్ల. బస్సు నిండా పసుపు చొక్కాల పిల్లలు, వేరే ఊరి స్కూలువాళ్ళు. మూడో వరసలో కిటికీ పక్కన, చేతులు ఒళ్ళో పెట్టుకుని, వీపు నిటారుగా పెట్టి కూర్చుని ఉంది బొంగరం.

వాళ్ళ టీచరు మొహంలో నెత్తురు చుక్క లేదు. "అయ్యో, మా పిల్లే అనుకున్నానండీ! ఆ గుంపులో పసుపురంగు కనబడింది, చెయ్యి పట్టుకున్నాను, వచ్చేసింది. ఒక్క మాట అనలేదు. ఎక్కమంటే ఎక్కింది, కూర్చోమంటే కూర్చుంది." కాస్త ఊపిరి తీసుకుని, పాపం మంచిగానే అంది, "ఎంత బుద్ధిమంతురాలండీ! మావాళ్ళు ఒక్కరైనా ఇలా కూర్చుంటారా?"

మైకమ్మకు ఆవిడ చెంప పగలగొట్టాలనిపించింది. ఆ కోపం ఆవిడ మీద కాదని మరుక్షణమే తెలిసింది. వంగి పిల్ల మొహంలోకి చూసింది. పిల్ల పెదవులు కదులుతున్నాయి. చప్పుడు లేదు. ఇంకా దగ్గరగా వంగి చూస్తే తెలిసింది. ప్రయాణికులకు ముఖ్య విజ్ఞప్తి, ఎనిమిదేళ్ళ పాప తప్పిపోయింది. ప్రయాణికులకు ముఖ్య విజ్ఞప్తి, ఎనిమిదేళ్ళ పాప తప్పిపోయింది. స్పీకర్లో అమ్మ గొంతు విన్నప్పటి నుంచీ అదే అంటోంది. తన సంగతి తనకు తెలుసు, చెప్పడానికి మాటలూ ఉన్నాయి. పైకి అనకూడదని నేర్పించారు కాబట్టి నోట్లోనే అంటోంది.

బస్టాండు ప్రథమ చికిత్స గదిలో ఉండే నర్సు తల్లీకూతుళ్ళిద్దరినీ తీసుకెళ్ళి కూర్చోబెట్టింది. మంచినీళ్ళిచ్చింది. పిల్ల చేతికి గాయమేమైనా అయిందేమోనని గౌను చెయ్యి పైకి మడిచింది, మణికట్టు చూసింది, ఏమీ అడగకుండా మళ్ళీ దించింది.

"మా పెద్దోడూ ఇలాంటివాడే అక్కా, ఒకావిడ దగ్గరికి తీసుకెళ్తా. నువ్వూ ఒకసారి వెళ్ళిరా" అంది.

"అక్కడ ఏం నేర్పిస్తారు?"

"వాడికా? పెద్దగా ఏం లేదు. నేర్పించిందంతా నాకే" అని నవ్వింది నర్సు.

*

శనివారం పొద్దున్న నలుగురూ వెళ్ళారు. నర్సు చెప్పిన ఆవిడ ఆఫీసు ఓ పాత భవనంలో మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు మూలుగుతూ పైకెక్కుతుంటే తండ్రి చెవి ఒగ్గి విని, "బేరింగు పోయింది" అన్నాడు. వరండాలో మైకమ్మ కూతురి జుట్టు సవరించి, "లోపలికెళ్ళగానే గుడ్ మార్నింగ్ చెప్పు. కళ్ళల్లోకి చూడు. తిరగొద్దు, సరేనా?" అని మరీ మరీ చెప్పింది.

లోపల బల్ల లేదు. కింద పెద్ద తివాచీ, గోడ పక్కన దిండ్ల గుట్ట, గిరగిరా తిరిగే కుర్చీలు రెండు. కౌన్సెలర్‌కు నడివయసు ఉంటుంది. కళ్ళజోడు నెత్తిమీద పెట్టుకుని గదంతా దాని కోసం వెతుకుతోంది. "మీ తల మీదే ఉందమ్మా" అని నానమ్మ చెప్పాక దొరికింది. ఆవిడ ఒకచోట కూర్చుని మాట్లాడే మనిషిలా కనబడలేదు. చేతిలో రబ్బరు రింగొకటి నలుపుతూ, లేస్తూ, కూర్చుంటూ, కిటికీ దాకా వెళ్ళొస్తూ విన్నది. ఈవిడేం కుదురు నేర్పుతుందని మైకమ్మకు లోపల్లోపల గుబులు పుట్టింది.

"దీన్ని మామూలుగా చెయ్యాలండీ" అంది మైకమ్మ.

"మామూలుగా అంటే?"

"అంటే... అందరిలా. రేపు నేను లేనప్పుడు ఎలా బతుకుతుందండీ?"

"ఆ భయం నిజమైందే. దాని సంగతి చూద్దాం" అంది కౌన్సెలర్. "కానీ మామూలుగా చెయ్యడం నాకు చేతకాదమ్మా. పాపలో ఏదీ పాడవలేదు, నేను బాగుచెయ్యడానికి."

"మరి ఇంత దూరం ఎందుకొచ్చినట్టు?" అని నానమ్మ విసుక్కుంది. "చిన్నప్పుడు వంచకపోతే పెద్దయ్యాక వంగుతుందా?"

"వంచితే వంగుతుంది పెద్దమ్మగారూ. లోపల ఎక్కడ విరిగిందో పైకి కనబడదు, అదే చిక్కు."

ఇంతలో బొంగరం తలుపు పక్కన నిలబడి, కళ్ళు గట్టిగా మూసుకుని, వినీ వినబడనంత సన్నగా ఒక మాట అంది. "ప్రయాణికులకు విజ్ఞప్తి." అన్న వెంటనే చేత్తో నోరు మూసుకుంది.

మైకమ్మ సిగ్గుపడిపోయింది. "మానిపించామండీ, మళ్ళీ ఎందుకో..."

కౌన్సెలర్ చెయ్యెత్తి ఆమెను ఆపింది. పిల్ల వైపు చూడకుండా, తివాచీ మీద చూపు పెట్టి, "చెప్పండి, వింటున్నాం" అంది.

కాసేపటికి చేతి వెనక నుంచి మాట వచ్చింది. "ప్లాట్‌ఫారం మీద రద్దీ ఎక్కువగా ఉంది. ప్రయాణికులు సహకరించగలరు."

"ఓహో. ఈ గదిలో మనుషులు ఎక్కువయ్యారా? నిజమే" అంది కౌన్సెలర్. తండ్రి వైపు, నానమ్మ వైపు తిరిగి, "ఏమీ అనుకోకుండా మీరిద్దరూ కాసేపు వరండాలో కూర్చుంటారా?" అని అడిగింది.

వాళ్ళు వెళ్ళారు. తలుపు మూసుకుంది. పిల్ల భుజాలు కిందికి దిగాయి, నోటి మీద చెయ్యి తీసేసింది. వెళ్ళి తిరిగే కుర్చీలో కూర్చుని, తల్లి వంక ఒకసారి చూసి, నెమ్మదిగా ఒక చుట్టు తిరిగింది. ఎవరూ ఏమీ అనకపోతే ఇంకో చుట్టు. కౌన్సెలర్ రెండో కుర్చీలో కూర్చుని తనూ తిరగడం మొదలుపెట్టింది.

మైకమ్మ నిలబడ్డచోటే నిలబడిపోయింది. ఇన్నేళ్ళుగా చిలకపలుకులు అనుకున్నవి ఆమె బుర్రలో ఒక్కటొక్కటే తిరగసాగాయి. అన్నం దగ్గర 'సర్వీసు ఆలస్యంగా నడుస్తోంది' అనేది. స్కూలు బట్టలు వేస్తుంటే 'అసౌకర్యానికి చింతిస్తున్నాం' అనేది. తెలుసుకునే ప్రయత్నమే చెయ్యలేదు. పిల్ల అమ్మ మాటలతోనే, అమ్మ గొంతుతోనే మాట్లాడుతుంటే, ఆ మాటలను మాన్పించడానికి తానే మాస్టారి దగ్గర దింపి వచ్చింది. దిండ్ల మీద కూలబడింది.

బస్సు సంగతి విన్నాక కౌన్సెలర్ ఇలా అంది. "ఆ రోజు పాప తప్పేమీ చెయ్యలేదమ్మా, నేర్పినదే చేసింది. పెద్దవాళ్ళు ఏం చేసినా ఊరుకోవాలని నేర్పాం. ఇప్పుడు వద్దనడం నేర్పాలి. వద్దంటే ఎదుటివాళ్ళు ఆగుతారన్న నమ్మకం రావాలి. అది నా గదిలో వచ్చేది కాదు, మీ ఇంట్లో రావాలి. ముందే చెబుతున్నా, మీకు మహా విసుగొస్తుంది."

"మీ పిల్లలయితే మీకు తెలిసేది" అంది మైకమ్మ దురుసుగా. అనేశాక నాలుక కరుచుకుంది.

"నా సంగతి నాకు తెలుసులెండి" అంది కౌన్సెలర్ కుర్చీ ఆపకుండానే. "కుదురులేనిదానా అన్నది మా ఇంట్లో నా అసలు పేరు."

*

విసుగు రావడం కాదు, ఇల్లు పీకి పందిరేసినట్టయింది. మాస్టారి దగ్గరికి పంపడం మానేశారు. వద్దు అన్న మాట రుచి తెలిశాక బొంగరం దేన్నీ వదల్లేదు. స్నానం వద్దు. చెప్పులు వద్దు. పప్పులో అన్నం కలపడం వద్దు, విడివిడిగా కావాలి. దుప్పటి మడతపెట్టడం వద్దు. కొన్నిసార్లు మామూలుగా, కొన్నిసార్లు బస్టాండు భాషలో. పొద్దున్న నానమ్మ దువ్వెన తీసుకోగానే, "సాంకేతిక కారణాల వల్ల ఈ సర్వీసు రద్దు చేయబడింది" అని నెత్తి మీద రెండు చేతులూ పెట్టుకుని పరుగు.

తండ్రికి నవ్వాగలేదు. నానమ్మకు ఒళ్ళు మండింది. "నవ్వరా నవ్వు! రేపు నీ నెత్తికెక్కి కూర్చుంటుంది. నేను జడ వెయ్యకపోతే ఎవరు వేస్తారట?" అని కొడుకును తిట్టి, ఆ పూట అన్నం మానేసింది.

ఏది ఒప్పుకోవాలి, ఏది కూడదు? మైకమ్మకు రోజంతా అదే తగువు. మందు వేసుకోనంటే కుదరదు, రోడ్డు మీద చెయ్యి వదిలెయ్యమంటే కుదరదు. అలాంటివి ఎందుకు కుదరవో చెప్పాలట. చెప్పి, వీలైతే ఇంకో దారి చూపాలట. మిగతావి వదిలెయ్యాలట. చెప్పడం తేలిక. బస్సు టైముకు డ్యూటీలో ఉండాల్సిన మనిషికి, ఒక కాలికి చెప్పు వేసుకుని ఇంకో కాలికి వేసుకోనంటున్న పిల్ల ముందు కూర్చోవడం ఎంత కష్టమో ఆమెకే తెలుసు.

ఒక సాయంత్రం ఆమె ఓపిక తెగిపోయింది. డ్యూటీలో మాటపడి వచ్చింది. పిల్ల గది మధ్యలో తిరుగుతూ, తిరుగుతూ, కొత్త గ్లాసులన్నీ కింద పడేసింది. గాజు పెంకులు. "ఆగవే! ఆగమంటుంటే!" అని చెయ్యెత్తింది.

పిల్ల ఆగింది. తల్లి చేతి వంక చూసింది. కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకోలేదు, కళ్ళు మూసుకోలేదు. "వద్దు" అంది.

ఎత్తిన చెయ్యి గాలిలోనే ఉండిపోయింది. దించాలంటే ఎంత బలం కావాల్సి వచ్చిందో! దించింది. వంటింట్లోకి వెళ్ళి కొళాయి తిప్పి, నీళ్ళ చప్పుడులో ఏడ్చింది. తండ్రి పెంకులు ఊడుస్తున్న చప్పుడు వినబడింది. కాసేపటికి నానమ్మ వచ్చి కొళాయి కట్టేసింది.

"మా చిన్న తమ్ముడొకడుండేవాడు అమ్మాయీ" అంది నానమ్మ. కోడలి వంక చూడలేదు. "నీకెప్పుడూ చెప్పలేదు. వాడూ ఇంతే. తిరిగేవాడు, పాడేవాడు. ఎవరింటికైనా వెళ్ళిపోతున్నాడని మా నాన్న మంచం కోడుకు కట్టేసేవాడు. అన్నం అక్కడికే. వాడు అలాగే పోయాడు. దీన్ని చూసినప్పుడల్లా నాకు ఆ కోడే కనబడుతుంది. కుదురుగా కూర్చుంటే ఎవరూ కట్టెయ్యరు కదా అని... అందుకే అంత పట్టుబట్టాను."

మైకమ్మ అత్తగారి చెయ్యి పట్టుకుంది.

మర్నాడు నానమ్మే మనవరాలిని దగ్గర్లోని క్షౌరశాలకు తీసుకెళ్ళి, మెడ దాకా జుట్టు కత్తిరించుకొచ్చింది. కుర్చీ తిరుగుతుంది కాబట్టి పిల్ల ఒప్పుకుందట. "ఎంత పొడుగు జుట్టు పోయిందో" అని దారంతా కళ్ళొత్తుకుంది, "జడ పీడా వదిలింది" అని ఇంటికొచ్చాక గొప్పగా చెప్పింది.

*

నెల తిరగకుండానే హెడ్మిస్ట్రెస్ రమ్మని కబురు చేసింది. మైకమ్మ చీర మార్చుకుంది, మళ్ళీ మార్చుకుంది. దారిలో మూడుసార్లు వెనక్కి వెళ్ళిపోదామనుకుంది. కౌన్సెలర్ వస్తానంది కాబట్టి వెళ్ళింది.

హెడ్మిస్ట్రెస్ చెడ్డ మనిషేమీ కాదు. తలనొప్పితో కణతలు రుద్దుకుంటోంది. "అంత చక్కగా ఉండే పిల్ల! ఇప్పుడేమో కుర్చీలో కూర్చోదు. టీచరు పాఠం చెబుతుంటే లేచి బస్సులు అనౌన్స్ చేస్తుంది. క్లాసంతా గొల్లున నవ్వు. ఒక్క పిల్ల కోసం అందరి చదువూ ఆపమంటారా? ఆ మాస్టారి దగ్గరికి మళ్ళీ పంపండి. బాగయ్యాక తీసుకురండి."

మైకమ్మ కౌన్సెలర్ వంక చూసింది. ఆవిడ కల్పించుకోలేదు. 'మీరే చెప్పండి' అన్నట్టు చూసింది, అంతే. ఇన్నేళ్ళుగా ఆ గదిలో మైకమ్మ అన్నది ఒకటే మాట, 'సారీ మేడమ్'. ఈసారీ అదే గొంతుదాకా వచ్చింది.

"వద్దు మేడమ్" అంది.

"ఏమన్నారు?"

"అక్కడికి పంపను. కూర్చోవడం నేర్చుకుంది మేడమ్, చాలా బాగా నేర్చుకుంది. ఎంత బాగా అంటే, ముక్కూ మొహం తెలీనివాళ్ళు బస్సెక్కిస్తే ఎక్కి కూర్చుంది." మైకు లేకుండా మాట్లాడటం ఇంత కష్టమా అనుకుంది. "అది అన్నవి ఉత్త బస్సు మాటలు కావు. నిన్న ఏమందో చెప్పండి."

క్లాసు టీచరును పిలిపించారు. ఆవిడ కాస్త ఇబ్బందిగా, "అదే... 'ఈ బస్సు ఇక్కడ ఆగదు' అంది. లెక్కలు చెబుతుంటే" అంది.

"ఏ లెక్క?"

"భాగహారం. కొంచెం తొందరగా చెప్పాన్లెండి, పరీక్షలు దగ్గరకొస్తున్నాయని..." అంటూనే ఆవిడ ఆగిపోయింది. మెల్లగా నవ్వు వచ్చింది ఆవిడకు. "నిజానికి క్లాసులో సగం మందికి అర్థం కాలేదు. ఆ ముక్క పైకి అన్నది అదొక్కతే."

అప్పుడు కౌన్సెలర్ మాట్లాడింది. వెనక వరసలో కాస్త జాగా ఇస్తే నిలబడి వింటుందని, చప్పుడు భరించలేనప్పుడు వరండాలోకి వెళ్ళొచ్చే వీలుండాలని, క్లాసు పిల్లలతో తను వచ్చి మాట్లాడతానని. హెడ్మిస్ట్రెస్ కణతలు రుద్దుకుంటూనే విన్నది. "పరీక్షల దాకా చూద్దాం. మాట ఇవ్వలేను" అంది.

అన్నీ చక్కబడిపోలేదు. మొదటి వారం వెనక వరస పిల్లలంతా తామూ నిలబడతామని గొడవ చేశారు. డ్రాయింగ్ మాస్టారు వరండాలోకి పంపనని మొండికేశాడు. ఒకరోజు బొంగరం గేటు దాకా వెళ్ళిపోయి వాచ్‌మన్‌కు ముచ్చెమటలు పట్టించింది. కానీ ఆ వాచ్‌మన్ చెయ్యి పట్టుకోబోతే వెనక్కి లాక్కుని, "వద్దు, అమ్మను పిలవండి" అందట. ఆ ఫోను వచ్చినప్పుడు మైకమ్మ సంతోషించాలో భయపడాలో తెలియక రెండూ చేసింది. మంచం కింద దూరడం తగ్గింది. ఎండలు ముదిరే సరికి పొట్టి చేతుల గౌన్లు బయటికి తీశారు.

ఒక శనివారం బొంగరం వీధి గుమ్మంలోనే ఆగిపోయి, "శనివారం వద్దు. అక్కడికి వద్దు" అంది. బతిమాలారు, కదల్లేదు. మైకమ్మ కంగారుగా కౌన్సెలర్‌కు ఫోను చేసింది.

"రానంటోందండీ. ఇప్పుడిప్పుడే దారిన పడుతోంది, మానేస్తే మళ్ళీ మొదటికొస్తుందేమో..."

అవతల కౌన్సెలర్ నవ్వింది. "వద్దనడం మనమే నేర్పి, మనకు మాత్రం చెప్పకూడదంటే ఎలాగమ్మా? తన శనివారం తనది. ఎప్పుడైనా రావాలనిపిస్తే వస్తుంది. మీకు రావాలని ఉంటే మీరు రండి."

"నేనా? నేనొచ్చి ఏం చెయ్యను?"

"అదే చూద్దాం."

వెళ్ళాలా వద్దా అని ఆ వారమంతా కొట్టుమిట్టాడి, తర్వాతి శనివారం ఒక్కతే వెళ్ళింది. చేతిలో పిల్ల చెయ్యి లేకుండా ఆ వరండాలో నడుస్తుంటే ఏదో మర్చిపోయి వచ్చినట్టనిపించింది. కుర్చీ అంచు మీద కూర్చుంది. కౌన్సెలర్ టీ ఇచ్చి, "ఎలా ఉన్నారు?" అంది.

"స్కూల్లో పరవాలేదండీ. డ్రాయింగ్ మాస్టారే ఇంకా..."

"పాప సంగతి కాదు. మీరెలా ఉన్నారు?"

మైకమ్మ టీ కప్పు కింద పెట్టింది. అంతలో ఫోను మోగింది. గబుక్కున ఎత్తింది. భర్త. బొంగరాన్ని తను పనిచేసే భవనానికి తీసుకెళ్ళాడట. కొత్త లిఫ్టు బిగించారు, అందులోంచి దిగనంటోందట, పైకీ కిందికీ తిరుగుతూనే ఉన్నారట.

"ఇంకో గంట పడుతుందిలే. మేం బాగానే ఉన్నాం. నువ్వు తొందరపడకు" అన్నాడు. వెనక నుంచి పిల్ల గొంతు వినబడింది. ఏ అంతస్తు వచ్చిందో అనౌన్స్ చేస్తోంది.

ఫోను సంచిలో పెట్టేసింది. "వెళ్ళాలా?" అని అడిగింది కౌన్సెలర్.

"అక్కర్లేదు" అంది మైకమ్మ. కుర్చీలో వెనక్కి జరిగి కూర్చుని, టీ కప్పు రెండు చేతులతో పట్టుకుని, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకుండానే మొదలుపెట్టింది. "నాకు నిద్ర పట్టి ఎన్నాళ్ళయిందో తెలుసాండీ..."